కొత్త శ్వాసకోశ వైరస్ మన ఊళ్లోనే పాకుతోందా? ఏరియా ఆసుపత్రిలో పసిగట్టే పద్ధతి

“విదేశం నుంచి వచ్చారా? వచ్చినవాళ్లను కలిశారా?” అని అడిగి, లేదన్నవాళ్లను పరీక్ష చేయకుండా పంపేస్తే స్థానిక వ్యాప్తి ఎన్నటికీ దొరకదు. వెతకాల్సింది ఆ లేదన్నవాళ్లలోనే. 2020 ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 2 దాకా తీవ్ర శ్వాసకోశ జబ్బుతో ఆసుపత్రుల్లో చేరిన 5,911 మందికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరీక్షలు చేయిస్తే 104 మందికి కోవిడ్ తేలింది. వాళ్లలో 40 మంది ఎక్కడికీ ప్రయాణించలేదు, తెలిసిన రోగిని కలిసిందీ లేదు.

ముందుగా ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో తేల్చుకోండి. పది రోజుల్లోపు మొదలైన దగ్గు, జ్వరం, వార్డులో చేర్చాల్సినంత తీవ్రత: మూడూ ఉంటే అది ‘సారి’ (ఎస్ఏఆర్ఐ, తీవ్ర శ్వాసకోశ జబ్బు) కేసు. జ్వరమంటే 38 డిగ్రీల సెల్సియస్, లేదా జ్వరం వచ్చిందని రోగి చెప్పినా చాలు. పారాసెటమాల్ మింగి వచ్చినవాళ్లకు థర్మామీటర్‌లో ఏమీ కనపడదు, చెప్పిన మాటే రాసుకోండి. ముసలివాళ్లకు జ్వరం రాకపోవచ్చు. ఆయాసం, మగతతో వస్తే వాళ్లనూ చేర్చండి.

డాక్టరుకు అనుమానం వచ్చినవాళ్లకే స్వాబ్ తీస్తే లెక్క పక్కదారి పడుతుంది. సోమ, గురువారాల్లో చేరే మొదటి ఐదుగురు అన్నట్టు ఒక నియమం పెట్టుకుని దానికే కట్టుబడండి. వరసగా 30 నమూనాలు నెగెటివ్ వచ్చినంత మాత్రాన వైరస్ లేనట్టు కాదు. 3ని నమూనాల సంఖ్యతో భాగించండి. 3/30 అంటే, మీ రోగుల్లో వైరస్ ఉన్నవాళ్లు 10 శాతం లోపే అని 95 శాతం నమ్మకంతో చెప్పగలరు, అంతే. 100 నమూనాలైతే 3 శాతం, 300 అయితే 1 శాతం. కిట్లు చాలకపోతే ఐదు నమూనాలు కలిపి పరీక్షించొచ్చు. కాకపోతే పలచబడి సీటీ విలువ (వైరస్ కనపడేదాకా పరీక్షలో తిరిగే చక్రాల లెక్క, ఎంత ఎక్కువైతే వైరస్ అంత తక్కువ) రెండుకు పైగా పెరుగుతుంది, బలహీనమైన నమూనాలు జారిపోతాయి.

ఎక్కువ తప్పులు జరిగేది స్వాబ్ దగ్గరే. ముక్కులో పుల్లను కళ్ల వైపు పైకి కాదు, అంగిలికి సమాంతరంగా, చెవి వైపు పోనివ్వాలి. వెనక గోడ తగిలేదాకా తోసి, కొన్ని సెకన్లు అక్కడే ఉంచి, తిప్పుతూ బయటికి తీయాలి. ముక్కుపుటం నుంచి చెవి రంధ్రం దాకా ఉన్న దూరాన్ని మించకూడదు. చెక్కపుల్ల, కాల్షియం ఆల్జినేట్ స్వాబ్ వాడొద్దు, అవి పీసీఆర్‌ను (వైరస్ జన్యువును పెంచి పట్టుకునే పరీక్షను) అడ్డుకుంటాయి. స్వాబ్‌ను వీటీఎం (వైరస్ చెడిపోకుండా ఉంచే ద్రవం) గొట్టంలో విరిచి, మూత బిగించి, 2–8 డిగ్రీల్లో 72 గంటల్లోపు ల్యాబ్‌కు చేర్చండి. రిపోర్టులో మనిషి జన్యువు (ఆర్ఎన్ఏజ్ పి) కూడా పట్టుబడకపోతే దాన్ని నెగెటివ్‌గా లెక్కించకండి. చాలాసార్లు స్వాబ్‌కు కణాలే అంటలేదని అర్థం, మళ్లీ తీయాలి. జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగాక ముక్కులో వైరస్ తగ్గిపోవచ్చు. అప్పుడు కఫమో, వెంటిలేటర్ మీదున్నవాళ్లకు గొట్టంలోంచి తీసిన స్రావమో పంపండి.

కొత్త వైరస్‌కు ఇంకా కిట్ రాని రోజుల్లో ఏం చేయాలి? ఫ్లూ, ఆర్ఎస్‌వీ (మరో మామూలు శ్వాసకోశ వైరస్) పరీక్షలు నెగెటివ్ వచ్చి, కారణం తెలియకుండా ఆయాసపడుతున్నవాళ్ల నమూనాల్లో మిగిలినదాన్ని మైనస్ 70 డిగ్రీల్లో దాచమని ల్యాబ్‌కు చెప్పండి. కిట్ చేతికందిన రోజున మొట్టమొదట తీయాల్సినవి అవే.

లైన్ లిస్టులో (రోగికో వరస చొప్పున రాసే పట్టికలో) ముఖ్యమైన గడి లక్షణాలు మొదలైన తేదీ. చేరిన తేదీని బట్టి గ్రాఫ్ గీస్తే వ్యాప్తి వారం ఆలస్యంగా కనిపిస్తుంది. ఊరు, ఇల్లున్న వార్డు, పని చేసే చోటు, ఇంట్లో ఇంకెవరికైనా దగ్గు ఉందా అన్నదీ రాయండి. ఊళ్లో ఒకే వార్డులో పద్నాలుగు రోజుల్లోపు ఒకరికొకరు తెలియని ఇద్దరికి, లేదా రోగిని చూసిన నర్సుకు అదే జబ్బు వస్తే అక్కడ ఆగి చూడాలి. జూలై–సెప్టెంబరులో ఫ్లూ మామూలుగానే పెరుగుతుంది కాబట్టి గత సంవత్సరాల అదే వారాల లెక్క పక్కన పెట్టుకోండి.

ప్రయాణం చేయనివాళ్లలో తొలి పాజిటివ్ వస్తే రెండో నమూనా తీసి, వైరస్‌లోని వేరే జన్యు భాగంతో మళ్లీ పరీక్ష చేయించండి. ల్యాబ్‌లో నమూనాలు పెట్టే ప్లేటు కలుషితమైనా పాజిటివ్ రావచ్చు. మొదటి నమూనాను సీక్వెన్సింగ్‌కు (వైరస్ జన్యుక్రమం చదివే పరీక్షకు) పంపండి. ఈలోగా రోగిని విడిగా ఉంచి, జిల్లా సర్వైలెన్స్ అధికారికి ఆ రోజే ఫోన్ చేయండి. సీక్వెన్స్ వచ్చేదాకా ఆగొద్దు. ఇంట్లోవాళ్లకు, చూసిన సిబ్బందికి ఆ సాయంత్రమే స్వాబ్ తీయించండి.