స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్‌కు వెళ్లే ముందు

అమెరికాలోని మినసోటా రాష్ట్రంలో, సుపీరియర్ సరస్సు ఒడ్డున 1910 నుంచి 1969 వరకు ఓడలకు దారి చూపిన దీపం ఇది.

- వేసవైనా చలికోటు ఉండాలి. నీటి మీది గాలికి చెవులు జివ్వుమంటాయి.

- జారని బూట్లు వేసుకోండి. సరస్సు దాకా దిగే మెట్లు చాలా ఉన్నాయి. దిగడం తేలికే, తిరిగి ఎక్కేటప్పుడే మోకాళ్లు మొరాయిస్తాయి. నీళ్ల సీసా మరవకండి.

- పిల్లల చెయ్యి వదలకండి. కొండ అంచు నీటికి సుమారు 130 అడుగుల ఎత్తున ఉంది. కమ్మీ దాటి ఫొటో దిగే సరదా అసలే వద్దు.

- పై గదిలోని గాజు కటకాన్ని చూడటమే, తాకకూడదు.

- నవంబరు 10న వెళ్తే టార్చి తీసుకెళ్లండి. 1975లో ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓడతో మునిగిపోయిన 29 మంది స్మృత్యర్థం ఆ సాయంత్రం దీపం వెలిగిస్తారు. తిరిగి వచ్చేసరికి దారి చీకటి.