గర్భిణి ఉదర పరీక్ష: ప్రాక్టికల్ పరీక్షకు చదివే పద్ధతి

గర్భిణి పొట్టను చేతులతో తడిమి బిడ్డ ఎలా ఉందో తెలుసుకునే లియోపోల్డ్ పరీక్షలోని నాలుగు దశల పేర్లను బట్టీపట్టడం కంటే, ఒక్కో దశలో చేతులు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నాయో తెలుసుకుని చదవడం మేలు. మొదటి దశలో ఫండస్ (గర్భాశయం పైభాగం) వద్ద గట్టిగా, గుండ్రంగా ఉండి, మొండెంతో సంబంధం లేకుండా కదిలేది తల. మెత్తగా, వెడల్పుగా ఉండి మొండెంతోపాటు కదిలేవి పిరుదులు. రెండవ దశలో బిడ్డ వీపు ఏ పక్కన ఉందో తెలుస్తుంది. గుండె చప్పుడును సాధారణంగా ఆ పక్కనే వెతకాలి. మూడవ దశ కటి ముఖద్వారం (కటి ఎముకల మధ్య దారి పైభాగం) వద్ద ఏ భాగం ఉందో, నాలుగవది అది ఎంత దిగిందో తెలుపుతాయి. నాలుగవ దశలో మాత్రమే పరీక్షించేవారు గర్భిణి పాదాల వైపు తిరిగి నిలబడాలి. కంగారులో మరిచిపోయేది ఇదే.

ఫండస్ ఎత్తులను బొమ్మ గీసి గుర్తుపెట్టుకోవాలి: 24 వారాలకు సుమారు బొడ్డు వద్ద, 36 వారాలకు రొమ్ము ఎముక కింది కొన వద్ద ఉంటుంది. మూత్రాశయం నిండి ఉంటే ఈ కొలత తప్పుతుంది కనుక, ముందుగా మూత్రవిసర్జన చేసి రమ్మని గర్భిణికి చెప్పడాన్ని మొదటి మెట్టుగా రాయాలి.