కొత్తగా నాటిన చెట్టు వాడిపోతోందా? నీళ్లు పోసే ముందు మట్టి తీసి చూడండి

కడియం నర్సరీ నుంచి తెచ్చిన పొగడ మొక్క ఆటోలోంచి దించేటప్పుడు నిగనిగలాడుతూ ఉంటుంది. నాటిన కొన్నాళ్లకే తలకాయ వాలుస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు "నీళ్లు చాలట్లేదేమో" అంటారు, ఇంకో రెండు బిందెలు పడతాయి. మన గోదావరి డెల్టాలో చాలా మొక్కల్ని చంపేది ఆ రెండు బిందెలే.

ఆకులు వాలిపోయాయి

వేరుకు నీరు అందకపోయినా ఆకు వాలుతుంది. నీళ్లలో నాని, గాలి ఆడక వేరు కుళ్లినా వాలుతుంది. ఆకు చూసి తేల్చలేం. మొదలుకు జానెడు దూరంలో చిన్న గునపంతో జానెడు లోతు తవ్వి, మట్టిని పిడికిట్లో నొక్కండి. నీరు కారినా, మురుగు వాసన కొట్టినా నీరు ఎక్కువైనట్టే. ఒక సన్నవేరు లాగి చూడండి: బాగున్నది తెల్లగానో లేత గోధుమ రంగులోనో గట్టిగా ఉంటుంది, కుళ్లినదాని పైతోలు వేళ్లకు అంటుకుని ఊడొచ్చి లోపలి దారం మాత్రం మిగులుతుంది.

బంకమట్టిలో తీసిన గుంట తొట్టిలా పనిచేస్తుంది. అందులో ఎర్రమట్టి, ఇసుక, పేడ ఎరువు ఎంత ప్రేమగా నింపినా చేరిన నీరు బయటికి పోదు. వరిచేను మెరక చేసిన లేఅవుట్లలో ఇంకో తిరకాసు ఉంది. పైన పోసిన మట్టి కింద, ఏళ్ల తరబడి దమ్ము చేసిన (నీళ్లు కట్టి బురదగా దున్నిన) గట్టి పొర అలాగే ఉంటుంది. వానాకాలంలో నీరు దాని మీదే నిలుస్తుంది.

ముందు నీళ్లు ఆపండి. గుంట అంచు నుంచి పల్లం వైపు చిన్న బోదె తీయండి. అప్పటికీ ఆరకపోతే, నాటి కొద్ది వారాలే అయితే, వేరుగడ్డ చెదరకుండా పైకి లేపి, జానెడు ఎత్తు దిబ్బ మీద మళ్లీ నాటండి. కుళ్లిన వేర్లు కత్తిరించేయండి.

చుట్టూ తడిగా ఉండి, నర్సరీ గడ్డ మాత్రం లోపల పొడిగా ఉండడం కూడా మామూలే. గడ్డలో ఎండి బిగిసిన కొబ్బరిపొట్టు నీళ్లను తొందరగా పీల్చదు. గడ్డ వెడల్పుకే చిన్న పాదు కట్టి, నీళ్లు నిదానంగా, విడతలు విడతలుగా పోయండి. పనిలో పనిగా ప్లాస్టిక్ కవర్ తీశారో లేదో చూడండి. నవ్వకండి, తీయకుండానే పాతేసినవి చాలానే ఉంటాయి.

ఆకు అంచులు మాడుతున్నాయి

ఒకవైపు కొమ్మలే మాడితే అది వడగాలి పని. నీడవల కింద పెరిగిన మొక్క ఒక్కసారిగా ఎండలో పడితే తట్టుకోలేదు. కొన్నాళ్లు పడమటి వైపు గ్రీన్ నెట్ కట్టండి.

ముదురాకుల కొనలు, అంచులు మాడి, పాదులో తెల్లటి పొర కనిపిస్తే ఉప్పును అనుమానించండి. ఎండాకాలం కాలువలు కట్టేయగానే అందరం బోరు మీద పడతాం. అంతర్వేది వైపు తీరగ్రామాల్లో, భీమవరం చుట్టూ రొయ్యల చెరువుల పక్కన ఆ నీరు ఉప్పదనం తేలొచ్చు. మట్టి పరీక్షలో ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 4 దాటితే అది ఉప్పు నేలే. కాలువకు నీళ్లు వదిలాక బాగా పారించి ఉప్పును కిందికి దించాలి, కానీ మురుగు పోయే దారి ఉంటేనే. జిప్సం వేయమని ఎవరో ఒకరు చెబుతారు. అది కారుచౌడుకు (క్షార నేలకు) మందు, ఇలాంటి ఉప్పు నేలకు, అంటే పాలచౌడుకు కాదు. ఇలాంటి చోట కానుగ, పొన్న, బాదం నాటుకుంటే టెన్షన్ తక్కువ.

గుంటలో గుప్పెళ్లకొద్దీ యూరియా, డీఏపీ వేసినా అంచులు ఇలాగే మాడతాయి. కొత్త చిగురు నిలదొక్కుకునే దాకా వాటి జోలికి పోకండి.

పసుపు రంగు, ఎదుగు లేదు

మొదలు దగ్గర మట్టి తప్పించి చూడండి. కాండం వెడల్పై వేర్లుగా చీలే చోటు నేలమట్టానికి కనిపించాలి. కరెంటు స్తంభంలా తిన్నగా భూమిలోకి దిగిపోయిందంటే లోతుగా నాటారు. ఆ చోటు బయటపడేదాకా మట్టి తీసేయండి. లోతు మరీ ఎక్కువైతే మొక్కనే లేపి పైకి నాటాలి. కప్పిన ఎండుగడ్డి కూడా కాండానికి తగలకూడదు. ఊతకర్రకు కట్టిన తాడు బెరడులోకి దిగుతుంటే వెంటనే కోసేయండి.

పామ్ జాతులు

కింది మట్ట ఒకటీ అరా ఎండితే కంగారు పడక్కర్లేదు. నడిమొవ్వ (మధ్యలో విచ్చుకోని లేత ఆకు) పట్టుకుని మెల్లగా లాగండి. కుళ్లువాసనతో ఊడి చేతికొస్తే అది కోనసీమ కొబ్బరి రైతులకు బాగా తెలిసిన మొవ్వుకుళ్లు. కుళ్లిన భాగమంతా తీసేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. పక్కనున్న పామ్‌ల మొవ్వుల్లో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి పోయండి.

ఆకులన్నీ రాలిపోయాయి

పెద్ద చెట్టును నేలలోంచి తవ్వి తెస్తే సగానికిపైగా వేర్లు అక్కడే తెగి మిగిలిపోతాయి. అందుకే కొన్ని చెట్లు ఆకులు రాల్చుకుని బరువు తగ్గించుకుంటాయి. కొమ్మ మీద గోటితో గీరండి. లోపల పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది, పాదు తేమ చూసుకుంటూ ఆగండి. చివరి నుంచి కిందికి గీరుకుంటూ వచ్చి, పచ్చదనం తగిలిన చోట పైభాగం కోసేయండి. మొదలు దాకా గోధుమ రంగే ఉంటే పీకేయడమే. అదే చోట మరొకటి నాటాలంటే, ఖాళీ గుంటను నీళ్లతో నింపి మర్నాడు చూడండి. నీరు ఇంకా నిలిచే ఉంటే దిబ్బ పోశాకే మొక్క కొనండి.