కొండెక్కి హ్యామ్ రేడియో: ఇది ఇద్దరి పని

పలాసలో నాది మోటార్ వైండింగ్ షాపు. ఆదివారం షాపు కట్టేసి, మందస వైపు కొండల మీదికి హ్యామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి ఇతరులతో మాట్లాడే సెట్టు, పట్టుకుని పోతుంటాను. సెట్టు కిలో బరువు కూడా ఉండదు కదా, తోడెందుకని చాలామంది అడుగుతారు. తోడు బరువు మొయ్యడానికి కాదు. కొండ మీద చెవి ఒకటి వినాలి, చెయ్యి ఒకటి రాయాలి, యాంటెన్నా కట్టిన, గాలికి ఊగే వెదురు గెడని ఇంకోటి పట్టుకోవాలి. ఒక్కడే అయితే ఈ మూడింట్లో ఏదో ఒకటి పోతుంది.

ముందు లైసెన్సు. కేంద్ర ప్రభుత్వం పెట్టే ఏసాక్ (అమెచ్యూర్ స్టేషన్ ఆపరేటర్స్ సర్టిఫికెట్) పరీక్ష పాసవ్వాలి. పన్నెండేళ్ళు నిండిన ఎవరైనా రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడుకి వీయూ3తో మొదలయ్యే గుర్తింపు పేరు, అంటే కాల్‌సైన్ వస్తుంది, మోర్సు (చుక్కలు, గీతల కోడు) కూడా నేర్చి జనరల్ గ్రేడు రాస్తే వీయూ2. మీ స్టేషన్ ఎక్కడనేది లైసెన్సులో రాసుంటుంది కాబట్టి, వేరే చోటి నుంచి మాట్లాడాలంటే నిబంధన ఏముందో చదువుకుని, కావలసిన అనుమతి తీసుకునే బయల్దేరండి. లైసెన్సు జిరాక్సు జేబులో ఉండాలి. మాది ఒడిశా సరిహద్దు. కొండ మీద తీగలు కట్టి మైకులో మాట్లాడేవాణ్ణి చూస్తే ఎవరికైనా అనుమానమొస్తుంది. ముందురోజే పోలీస్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి, తోట యజమానిని అడిగి వెళ్ళండి.

నా నేస్తానికి జీడి తోట ఉంది, లైసెన్సు లేదు. అందుకని వాడు మైకు బటన్ నొక్కడు. వినడానికి, రాయడానికి మాత్రం వాణ్ణి మించినోడు లేడు.

ఎత్తు ఎందుకంటే, వీహెచ్ఎఫ్ (చేతి సెట్టు వాడే 144 మెగాహెర్ట్జ్ లాంటి) తరంగం దాదాపు చూపు ఆనినంత దూరమే పోతుంది. లెక్క తేలిక: మీరున్న ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.1తో హెచ్చించండి, కిలోమీటర్లు వస్తాయి. నేల మీద నిలబడి చేతిలో సెట్టు పట్టుకుంటే ఐదారు కిలోమీటర్లు. 200 మీటర్ల కొండెక్కితే 58. అవతలివాడు కూడా డాబా మీదుంటే అతని లెక్క దీనికి కలుస్తుంది. అదే 5 వాట్ల సెట్టుతో సోంపేట, ఇచ్ఛాపురం వైపు హాయిగా మాట్లాడొచ్చు. వాయవ్యం వైపు మాత్రం ఆశ పెట్టుకోకండి, 1501 మీటర్ల మహేంద్రగిరి అడ్డంగా గోడ కట్టినట్టు ఉంటుంది.

హ్యాండ్‌సెట్‌తో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా తీసి సంచిలో పడెయ్యండి. 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ బ్యాండుకి 49 సెంటీమీటర్ల రాడ్డు బిగించి, దాని మొదట్లో గ్రౌండు వైపు అంతే పొడుగు తీగ ఒకటి కిందికి వేలాడదీస్తే తేడా మీకే వినిపిస్తుంది. కేబుల్ వాడితే పొట్టిదే వాడండి. ఈ బ్యాండులో ఆర్‌జీ-58 కేబుల్ 10 మీటర్లకి దాదాపు 2 డెసిబెల్స్ మింగుతుంది. అంటే మీ 5 వాట్లలో పైకి వెళ్ళేది మూడు, ఆపైన కాస్త.

విశాఖ, హైదరాబాద్, కోల్‌కతా కావాలంటే 40 మీటర్ల బ్యాండు, అంటే 7 మెగాహెర్ట్జ్. అసలు పని ఇక్కడే. డైపోల్‌కి రెండు తీగలు, ఒక్కోటి సుమారు 10 మీటర్లు. నేను 10.3 కోసుకుని వెళ్తాను. ఐదారు మీటర్ల వెదురు గెడ నిలబెట్టి, దాని కొసన ఒక తీగని కేబుల్ లోపలి తీగకి, రెండోదాన్ని కేబుల్ పై అల్లికకి బిగించి, తీగల చివర్లు చెరోవైపు వాలుగా జీడి చెట్లకి కట్టాలి. చివర్లకి బారువ జాలర్లు వలలకి వాడే నైలాన్ తాడైతే బాగుంటుంది, తడిసినా కుళ్ళదు. ఆ చివర్లు మనిషి చేతికి అందని ఎత్తులో ఉండాలి. మాట్లాడేటప్పుడు వోల్టేజీ ఎక్కువుండేది అక్కడే, ముట్టుకుంటే చర్మం కాలుతుంది.

ఇప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చూడండి, పంపిన శక్తిలో యాంటెన్నా ఎంత వెనక్కి కొడుతోందో చెప్పేది ఇదే, 1కి దగ్గరైతే మంచిది. 7.0 దగ్గర బాగుండి 7.2 దగ్గర చెడిందంటే తీగ పొడుగెక్కువైనట్టే. నేను మీటరు దగ్గర కూర్చుంటాను, నేస్తం ఒక చివర విప్పి నాలుగు వేళ్ళంత మడిచి మళ్ళీ కడతాడు. "ఇప్పుడేటి?" అంటాడు. "1.8" అంటాను. రెండో వైపు కూడా అంతే మడుస్తాడు. 1.5 కిందికొస్తే చాలు. ఇంకా కింద కావాలని గంటసేపు తంటాలు పడేవాళ్ళున్నారు, ఎండ ఎక్కించుకోవడం తప్ప లాభం లేదు. తీగ కొయ్యకండి, మడవండి. ఇంకో కొండ మీద పొడుగు కావాలంటే కోసింది అతకదు.

బ్యాటరీకి 12.8 వోల్టుల లిథియం ఫాస్ఫేట్, 6 ఆంపియర్-అవర్ది చాలు. నా చిన్న సెట్టు వింటున్నప్పుడు 0.4 ఆంపియర్, మాట్లాడేటప్పుడు 2 తీసుకుంటుంది. పావు వంతు సమయం మాట్లాడి మిగతాది వింటే ఏడు గంటలు వస్తుంది.

మాట్లాడే ముందు వినండి. ఆ ఫ్రీక్వెన్సీ మీద ఎవరైనా ఉన్నారా అని రెండుసార్లు అడిగాకే సీక్యూ ('ఎవరైనా పలకండి' అని అర్థం) పిలవండి. గాలి హోరులో కాల్‌సైన్ అక్షరాలు కలిసిపోతాయి. బీ, డీ, వీ అన్నీ ఒకేలా వినపడతాయి, అందుకే బ్రావో, డెల్టా, విక్టర్ అనాలి. ఒక సెట్టుకి రెండు ఇయర్‌ఫోన్లు తగిలించే వై పిన్ను మొబైల్ షాపులో దొరుకుతుంది. అది కొనండి. ఇద్దరూ విడివిడిగా కాల్‌సైన్ రాసుకుని, తర్వాత పోల్చుకోండి. రెండూ ఒకటైతేనే లాగులోకి (మాట్లాడిన వివరాలు రాసే పుస్తకం). తేడా వస్తే సిగ్గుపడకుండా మళ్ళీ అడగండి. లాగులో టైము యూటీసీలో, అంటే ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైములో రాయాలి, మన గడియారంలోంచి ఐదున్నర గంటలు తీసేసి. ఉదయం 9:30 అంటే 04:00. నేస్తం చేతి గడియారమే యూటీసీకి తిప్పేశాడు. దాంతో బస్సు టైము అడిగినవాళ్ళకి తప్పు చెబుతుంటాడు, అది వేరే సంగతి.

ఇదంతా సరదాకేనా అంటే, సరదాకే. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మా పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటూ పోయింది, ఫోన్లూ పోయాయి. గెడ నిలబెట్టడం, తీగ కట్టడం అలాంటి రోజున మొదటిసారి నేర్చుకునే పని కాదు.

ఎండాకాలం మధ్యాహ్నం మబ్బు పట్టి దూరంగా ఉరిమితే, మాట సగంలో ఉన్నా సరే, సెట్టు నుంచి కేబుల్ పీకి, అన్నీ వదిలేసి కిందికి దిగిపోండి. తీగలు మర్నాడు తెచ్చుకోవచ్చు. ఉరుము లేకపోయినా నాలుగు గంటలకి విప్పడం మొదలెట్టండి. మా వైపు జీడి తోటల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి, పొద్దు వాలాక, తెల్లారకముందు ఎక్కువ. ఎక్కేటప్పుడు కూడా బాగా వెలుగొచ్చాకే ఎక్కండి, మాట్లాడుకుంటూ నడవండి. విప్పేటప్పుడు ఒకరు గెడ పట్టుకోవాలి, ఒకరు తీగని చెక్కముక్క మీద ఎనిమిది ఆకారంలో చుట్టాలి. ఉండలా చుట్టి సంచిలో కుక్కితే వచ్చే ఆదివారం సగం పొద్దు చిక్కు విప్పడానికే సరి.