‘నువ్వు’ అన్న తల్లి పాత్ర టీచరే వేయాలి

నేను గుంటూరు పక్కన ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఒకరోజు ఒడిశా నుంచి ఇటుక బట్టీ పనికొచ్చిన తల్లి స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, “నువ్వు నా పిల్లని ఎందుకు కొట్టినావ్?” అంది. కొట్టింది పక్క బెంచీ అబ్బాయి. నాకు మాత్రం ఆ ‘నువ్వు’ ఒక్కటే వినపడింది. “మర్యాదగా మాట్లాడమ్మా” అని అరిచాను. పాప నాలుగు రోజులు బడికి రాలేదు.

ఆవిడ తెలుగు నేర్చుకుంది బట్టీ దగ్గర, మేస్త్రీ నోట. ‘రా, పో, తే, ఎత్తు’ తప్ప ఆమె చెవిన పడిందేమీ లేదు. ఒడియాలో మర్యాదకు ‘ఆపణ’ అనే మాట ఉంది. మన ‘మీరు’ని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి గొడవల్లో ఎలా మాట్లాడాలో నేర్చుకోవడానికి, ఇప్పుడు ఆ సీనునే పేర్లు మార్చి, తలా ఒక పాత్ర ఇచ్చి తోటి టీచర్లతో ఆన్‌లైన్‌లో ఆడిస్తున్నాను. తెనాలి, మంగళగిరి, పొన్నూరు నుంచి సాయంత్రం పూట ఫోన్లోనే కలుస్తారు. మీరూ ఆడించుకోవచ్చు.

జూమ్ ఉచిత అకౌంట్లో మీటింగ్ 40 నిమిషాలకు తెగిపోతుంది. నాకు అదే కొలత. పరిచయానికి 5, ఆటకు 10, తరవాత మాట్లాడుకోవడానికి 25. ఆట బాగా పండుతోంది కదా అని సాగదీస్తే ఆ 25 పోతుంది. అసలు శిక్షణ జరిగేది అక్కడే.

సీను చిన్నదిగా, మీ బడిలో జరిగేదిగా ఉండాలి. లంబాడీ పిల్లాడిని వాడి భాష పట్టుకుని వెక్కిరించడం, రంజాన్ ఉపవాసంలో ఉన్న పిల్లని ఆటల పిరియడ్లో ఎండలో పరిగెత్తించడం లాంటివి చాలు.

పాత్రల చీటీలు ఎవరిది వాళ్లకే వాట్సాప్‌లో పంపండి. గ్రూపులో పెడితే ఆట అక్కడే అయిపోతుంది. తల్లి చీటీ ఇలా రాస్తాను: “ఈరోజు కూలి పోగొట్టుకుని వచ్చారు. పాప చెంప వాచింది. మీకు వచ్చిన తెలుగు ముప్పై మాటలే, ‘మీరు’ అనే మాట రాదు.” టీచర్ చీటీలో: “వరసగా మూడు పిరియడ్లు చెప్పి వచ్చారు. మార్కుల ఎంట్రీకి ఇవాళే ఆఖరు.” ఇద్దరి టెన్షనూ నిజమే కావాలి. ఒకరిని విలన్ చేస్తే నేర్చుకునేదేమీ ఉండదు.

క్రమశిక్షణలో గట్టివారని పేరున్న టీచర్‌కే తల్లి పాత్ర ఇవ్వండి. యాస అనుకరించడానికి మాత్రం ఒప్పుకోవద్దు, అది వెక్కిరింపు అవుతుంది. ముప్పై మాటల హద్దే సరిపోతుంది. ఎవరి కులాన్నో మతాన్నో వాళ్లకే పాత్రగా అంటగట్టొద్దు. నిజంగా పడ్డ అవమానం మళ్లీ పడాల్సి వస్తుంది. జూమ్‌లో పేరు మార్చి పాత్ర పేరు పెట్టించండి. చూసేవాళ్లు కెమెరా ఆపేసి, టీచర్ ఏ దారి పట్టిందో రాసుకోవాలి: పోటీ (నా మాటే నెగ్గాలనడం), తప్పుకోవడం, సర్దుకుపోవడం (ఎదుటివారి మాటకే ఒప్పుకోవడం), రాజీ (ఇద్దరూ కొంత వదులుకోవడం), సహకారం (ఇద్దరికీ సరిపోయే దారి వెతకడం). గొడవల్లో మనుషులు పట్టే దారులుగా థామస్, కిల్మన్ 1974లో ఇచ్చిన ఈ అయిదే చాలు.

గొంతులు లేచినచోట “ఆపండి” అనండి. చూస్తున్నవాళ్లలో ఒకరు టీచర్ పాత్రలోకి రావాలి. ఇలా ఆట ఆపి చూసేవాళ్లను పాత్రలోకి రప్పించడం బ్రెజిల్ నాటకకారుడు అగస్టో బోల్ ఫోరం థియేటర్ నుంచి తీసుకున్నదే. మా ఆటలో ఒక మేడమ్ అలా వచ్చి, కెమెరా ముందుకు కుర్చీ జరిపి, “కూర్చోమ్మా, పాప ఎలా ఉంది?” అన్నారు. తల్లి పాత్రలో ఉన్న సార్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత అన్నారు: “మాట దొరక్కపోతే గొంతు పెరుగుతుందని ఇవాళే తెలిసిందండీ.”

ఆట అవగానే సొంత పేరు మళ్లీ పెట్టించి, ఏ బడిలో ఏ సబ్జెక్ట్ చెబుతారో చెప్పించండి. పాత్ర దిగకుండా చర్చకు వస్తే కోపం కూడా వెంట వస్తుంది. మొదట తల్లి పాత్ర వేసినవారినే అడగండి: ఎక్కడ ఒళ్లు మండింది, ఏ మాటకు చల్లబడ్డారు? తప్పెవరిదని అడగొద్దు. ఎవరైనా కళ్లనీళ్లు పెట్టుకుంటే అక్కడితో ఆపి, తరవాత విడిగా ఫోన్ చేయండి.

సిగ్నల్ అందని ఊళ్ల వాళ్లకు ట్వైన్ అనే ఉచిత సాధనంలో అదే సీనును ‘ఏమంటారు?’ అనే ఎంపికలతో తయారుచేసి, ఒకే ఫైలుగా పంపవచ్చు. ఫోన్ బ్రౌజర్లో తెరుచుకుంటుంది. కానీ ఎదురుగా మనిషి ఉండరు కాబట్టి అది రిహార్సల్‌కే.

పదిహేను రోజులయ్యాక అదే సీనును పాత్రలు మార్చి మళ్లీ ఆడించండి. మొదటిసారి టీచర్ వేసినవారు ఈసారి తల్లి చీటీ అందుకోవాలి.