విరేచనాలు తగ్గాక పాలు పడట్లేదా? ఇలా చేయండి

వాంతులు, జ్వరం తగ్గి నాలుగైదు రోజులైనా పాలు తాగిన ప్రతిసారీ బిడ్డకి నురగ నురగగా, పుల్లటి వాసనతో నీళ్ల విరేచనం అవుతోందా? పొట్ట ఉబ్బరం, పిర్రలు ఎర్రగా ఒరుసుకుపోవడం కూడా ఉంటే, పేగు లోపలి పొర దెబ్బతిని పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్, అరగట్లేదేమో అని అనుమానించాలి. చిన్నపిల్లల్లో వాంతులు, విరేచనాలు తెప్పించే రోటావైరస్ సోకిన తర్వాత ఇది మామూలే, పొర మళ్లీ పెరిగాక, ఎక్కువగా రెండు నుంచి నాలుగు వారాల్లో, దానంతటదే సర్దుకుంటుంది.

తల్లిపాలు మాత్రం ఆపకండి, ఇంట్లో పెద్దవాళ్లు ఎంత చెప్పినా సరే. డబ్బాపాలైతే నీళ్లెక్కువ కలిపి పల్చన చేయొద్దు. లాక్టోజ్ లేని పొడి కొన్నాళ్లు వాడాలా అన్నది పిల్లల డాక్టర్నే అడగండి. ఆరు నెలలు దాటిన పిల్లలకి మెత్తగా పిసికిన పెరుగన్నం, పెసరపప్పు కిచిడీ పెట్టొచ్చు, పెరుగులో లాక్టోజ్ కొంత తగ్గిపోతుంది కాబట్టి పాలకంటే బాగా పడుతుంది. విరేచనం అయినప్పుడల్లా ఓఆర్ఎస్ చెంచాతో కొంచెం కొంచెంగా పట్టండి. డాక్టర్ రాసిన జింక్ మందు, విరేచనాలు ఆగినా, చెప్పినన్ని రోజులూ వేయాలి. పిర్రలకి తుడుపు కాగితాలు (వైప్స్) వద్దు, గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఆరనిచ్చి, జింక్ ఆక్సైడ్ క్రీమ్ రాయండి.

ఆరు గంటలైనా మూత్రం రాకపోయినా, కళ్లు లోతుకు పోయినా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ మగతగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.