దాత రాసిన పని ఆగిపోతే ట్రస్టు ఆస్తిని కోర్టు ద్వారా మార్చుకోవడం ఎలా?

ట్రస్టు పెట్టిన పనికి కాలం చెల్లిపోయిందని బోర్డు కూర్చుని తీర్మానం రాసేసుకుంటే సరిపోదు. వైజాగ్‌లో ప్లీడరు గుమాస్తాగా సర్వీసంతా గడిపిన నా దగ్గరికి ఆ తీర్మానం కాగితం పట్టుకుని "ఇక అయిపోయినట్టే కదండీ" అంటూ వచ్చినవాళ్లే ఎక్కువ. ఉద్దేశాలు మార్చుకునే అధికారం దస్తావేజులోనే ట్రస్టీలకు ఇచ్చి ఉంటే సంగతి వేరు. లేదంటే కోర్టు గుమ్మం ఎక్కాల్సిందే.

మా ఆఫీసులో నడిచిన ఒక కేసు పెట్టుకుని చెప్తాను, పేర్లు వద్దు. వన్ టౌన్‌లో ఒక పాత మేడ. "బీద బాలురకు టెలిగ్రాఫు, షార్టుహ్యాండు నేర్పించి రైల్వేలోను, పోర్టులోను నౌకరీకి యోగ్యులను చేయుట" అని దాత రాశాడు. వాల్తేరు రైల్వే, 1933లో తెరిచిన పోర్టు ఉన్న ఊళ్లో ఆ రోజుల్లో అది మంచి ముందుచూపే. 2013 జూలైలో దేశమంతా తంతి (టెలిగ్రాం) సేవే మూసేశారు. కింది వాటాల అద్దె మాత్రం నెలనెలా బ్యాంకులో పడుతూనే ఉంది.

మొదట దస్తావేజు. అసలు కాగితం చెదలు తినేస్తే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో సర్టిఫైడ్ నకలు తీయండి. లాభం కుటుంబానికా, ప్రజలకా చూడండి. కుటుంబానికే అయితే అది 1882 నాటి ట్రస్టుల చట్టం కిందికి వచ్చే ప్రైవేటు ట్రస్టు, ఈ దారి దానికి కాదు.

తర్వాత ఏ గుమ్మమో తేల్చుకోవాలి. మన రాష్ట్రంలో 1987 దేవాదాయ చట్టం గుళ్లకే పరిమితం కాదు, ధర్మాదాయ సంస్థలకూ వర్తిస్తుంది. సత్రమో, అన్నదానమో అయితే ముందు దేవాదాయ శాఖ అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసులో విచారించండి. శాఖ పరిధిలోది అయితే అక్కడే అర్జీ పెట్టాలి. సివిల్ కోర్టుకి తెస్తే అధికార పరిధి మీదే వాదనలు నడిచి ఏళ్లు పోతాయి. వక్ఫ్ ఆస్తి దారి వేరు. మా మేడ శాఖ రిజిస్టరులో లేదని రాతపూర్వకంగా తీసుకుని దావాకి జత చేశాం.

కోర్టు దారి అంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్. జిల్లా కోర్టులో వేయాలి. ఒక్కరు వేస్తే చెల్లదు, ట్రస్టులో ఆసక్తి ఉన్నవాళ్లు కనీసం ఇద్దరు కావాలి. రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్ కూడా వేయొచ్చు. ఆసక్తి అంటే ఊరికే కుతూహలం కాదు. అక్కడ చదువుకున్నవాడో, చదువుకోవాల్సిన పిల్లాడి తండ్రో అయితే బలం. దావాకి ముందు కోర్టు అనుమతి తీసుకోవాలి. 1976 సవరణకి ముందు దీనికి అడ్వకేట్ జనరల్ సమ్మతి కావాల్సి వచ్చేది. అనుమతి ఇచ్చేముందు అవతలివాళ్లకి నోటీసు ఇవ్వడం మంచిదని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి వాళ్లు హాజరై అడ్డు చెప్తారన్న లెక్కతోనే పిటిషన్ రాయించండి.

అసలు కష్టం ఇక్కడి నుంచే. జనం ముందు కొత్త ప్లాను మోసుకొస్తారు. కోర్టు ముందు అడిగేది పాత పని ఆగిందా అని. అదే 1976 సవరణ 92కి మూడో ఉపసెక్షన్ చేర్చి, ఎప్పుడు మార్చొచ్చో చెప్పింది. పని పూర్తయిపోయినా, చేయడం సాధ్యం కాకపోయినా, ఆస్తిలో కొంత భాగమే ఆ పనికి సరిపోయి మిగతాది మిగిలిపోయినా, అదే అవసరం వేరే దారిలో బాగానే తీరుతున్నా, ఆ పని సమాజానికి పనికిరానిదో హానికరమో అయిపోయినా మార్చొచ్చు. మీ కేసు ఇందులో దేని కిందికి వస్తుందో దావాలో స్పష్టంగా రాయాలి. "కాలం మారింది" అన్న మాట సాక్ష్యం కాదు.

మా సాక్ష్యం అడ్మిషన్ రిజిస్టరు. ఎర్ర గుడ్డ అట్ట, ఊడిపోతున్న కుట్టు. చివర రాసిన పేజీలో మూడు పేర్లే ఉన్నాయి, కింద గీసిన గళ్లన్నీ ఖాళీ. దానికి తంతి సేవ మూసివేత ఉత్తర్వు, బ్యాంకు పాస్‌బుక్కులు, ఆడిట్ లెక్కలు కలిపాం. సాక్షిగా పాత మాస్టారు వచ్చి, పిల్లలు రావడం ఎందుకు మానేశారో చెప్పారు.

కొత్త పని పాతదానికి దగ్గరగా ఉండాలి. ఒక ట్రస్టీ మేడ పడగొట్టి ఫంక్షన్ హాలు కట్టి, ఆ అద్దెతో "సేవ" చేద్దామన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. నాకైతే అది సేవ ముసుగులో వ్యాపారమే అనిపించింది. అసలు పని ఇంకా నడపగలిగినప్పుడు మత ట్రస్టు సొమ్మును వేరే దానికి మళ్లించడం కుదరదని 1954లో రతీలాల్ పానాచంద్ గాంధీ కేసులో సుప్రీంకోర్టు ఖరాఖండిగా చెప్పింది. మెరుగైన ఆలోచన ఉంటే చాలదు.

దగ్గరి పనిని దస్తావేజులోనే వెతకండి. ఇంగ్లండులో థామస్ బెటన్ 1723 నాటి వీలునామాలో, బానిసలుగా పట్టుబడిన తమ దేశస్థులను డబ్బిచ్చి విడిపించడానికి సొమ్ము పెట్టాడు. విడిపించాల్సినవాళ్లు లేక సొమ్ము పేరుకుపోయింది. అదే వీలునామాలో ఛారిటీ బడులకూ ఒక వాటా ఉండటంతో 1840ల్లో ఆ డబ్బు బడులకే వెళ్లింది. మా దస్తావేజు చివర్లోనూ "పుస్తకములు, పరీక్ష రుసుము" అన్న ఖర్చు కనిపించింది. ఆ ముక్క పట్టుకునే ఐటీఐ, పాలిటెక్నిక్ ఫీజులూ, మేడ మీద కంప్యూటర్ శిక్షణా అడిగాం. "బాలురకు" అన్నచోట ఆడపిల్లలనూ చేర్చాలని ప్రత్యేకంగా కోరాం. దావాలో కోర్టుని కోరే అంశాల్లో రాయని దాన్ని తర్వాత వాదనలో అడిగితే అనవసరపు టెన్షన్. మేడ అమ్మాలన్నా, లీజుకివ్వాలన్నా ఆ అనుమతి కూడా ఈ దావాలోనే అడగండి.

డిక్రీ వచ్చాక ఆదాయపు పన్ను మినహాయింపు ఉంటే, ఉద్దేశాలు మారాయని ఆడిటరు ద్వారా గడువులోగా మళ్లీ దరఖాస్తు చేయించండి. ట్రస్టు ఇకమీదట ఎలా నడవాలో కోర్టు ఖరారు చేసే పద్ధతినే స్కీము అంటారు, బ్యాంకుకి దాని నకలు ఇవ్వండి. స్కీములో ట్రస్టీల ఖాళీలు ఎలా నింపాలో, లెక్కలు ఎవరికి చూపాలో ఉండాలి. అవసరమైతే ఇదే దావాలో అర్జీ పెట్టుకోవచ్చన్న వాక్యం కూడా రాయించుకోండి. అది లేకపోతే రేపు ఒక ట్రస్టీ పోయినా కొత్త దావా, కొత్త అనుమతి, మళ్లీ మొదటి నుంచీ.